లంబాలైన్‌లో కుంపటి మీది రొయ్యలు

2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయిరులో విమానం దిగిన యాత్రికుడు సెల్యులార్ జైలు వైపు సాగిపోతాడే గాని, విమానాశ్రయానికి చేరువలోనే ఉన్న లంబాలైన్ వంక చూడడు. హిందీలో ఆ మాటకు ‘పొడవాటి వరుస’ అని అర్థం. సాయంకాలం ఆ వీధుల్లో తెలుగు మాట చెవిన పడితే ఆశ్చర్యపోనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడలెక్కి వచ్చినవారు.

అటువంటి ఒక ఇంట నాకు ఆతిథ్యం లభించింది. ఇంటి పెద్దావిడ శ్రీకాకుళపు పల్లెలో పుట్టింది. రొయ్యలంటే ఆమెకు ఇగురే. మనవడు ఇక్కడే పుట్టాడు. బడిలో హిందీ, ఇంట్లో సగం తెలుగు. సముద్రపుటొడ్డు హోటళ్లలో సీకులకు గుచ్చి కాల్చే రొయ్యల రుచి మరిగి, ఇంట్లోనూ అవే కావాలంటాడు. జంగ్లీఘాట్ నుంచి ఉదయమే తెచ్చిన రొయ్యల ముందు ఇద్దరికీ చిన్న వివాదం జరిగింది. గెలుపు మనవడిదే; పాకం మాత్రం మామ్మదే.

తలలు తీసి, వీపు చీల్చి నల్లనరం లాగివేసి, తోకలు ఉంచారు. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి, ఉప్పు, కాస్త నూనె: ఉల్లిపాయ ఒక్కటి మినహాయిస్తే అది ఇగురు మసాలాయే. ఆంగ్లంలో దీనిని ‘మారినేడ్’ అంటారు. సముద్రాన్ని తెలిపే లాటిను మాట నుంచి పుట్టిన ఆ పదానికి మొదటి అర్థం ఉప్పునీట ఊరవేయడం. అనువాదకుడికి ‘ఊరవేయడం’ అన్న మాట నోటి చివరనే ఉంటుంది గాని, ఆవకాయ తినే జాతికి అది నెలల తరబడి సాగే వ్యవహారం. ‘పట్టించడం’ అన్నదే ఇక్కడ సరైన మాట. నిమ్మరసమైతే కాల్చే ముందు పావుగంటకు మించి ఉండరాదు. నిప్పు చేయవలసిన పనిని పులుపు ముందే మొదలుపెట్టి, మాంసకృత్తులను బిగించివేస్తుంది.

వెదురుపుల్లలు అరగంట నీట నానాయి. మనవడు రొయ్యలను రెండేసి పుల్లలకు గుచ్చాడు. ఒకటే అయితే తిప్పేటప్పుడు పుల్ల తిరుగుతుంది, రొయ్య తిరగదు. కుంపటిలో కొబ్బరిచిప్పల బొగ్గులపై తెల్లని బూడిద కమ్మేవరకు ఆగారు. పచ్చి రొయ్యలో ఆస్టాజాంథిన్ అనే ఎర్రని వర్ణకం ఒక మాంసకృత్తును పెనవేసుకొని, నీలిబూడిద రంగు మాటున దాగి ఉంటుంది. వేడికి ఆ బంధం వీడగానే ఎరుపు పైకి వస్తుంది. ఒక్కొక్క పక్కకు రెండు నిమిషాలు చాలు.

“అర్ధచంద్రంలా వంగినప్పుడే దించెయ్యాలి బాబూ. సున్నా చుట్టేసిందంటే రబ్బరే!” అన్నది ఆవిడ.

రుచి చూసి ఆమె ఏమీ అనలేదు. రెండవది మాత్రం తీసుకున్నది. “బాగున్నాయా మామ్మా?” అని మనవడు తెలుగులోనే అడిగాడు.

“బాగానే ఉన్నాయిరా. అన్నంలోకి పనికిరావు,” అంటూ గిన్నెలో మిగిలిన రొయ్యల కోసం ఉల్లిపాయలు తరగసాగింది.