చక్కెర తిప్పే వెలుగు

బోధన్ చెరకు పొలాల వైపు నుంచి నిజామాబాద్‌కు బస్సెక్కి డిగ్రీ చదవడానికి వచ్చే పిల్లలకు చక్కెర కొత్తేం కాదు. కానీ ఫిజిక్స్ ల్యాబు చీకటి గదిలో అది చేసే పని చూడాలి!

10 గ్రాముల చక్కెర కరిగించి 100 మిల్లీలీటర్ల ద్రావణం చేస్తారు. దాన్ని బుడగ అడ్డుపడకుండా 20 సెంటీమీటర్ల గాజు గొట్టంలో నింపి, పోలారిమీటర్‌లో పెట్టి, సోడియం దీపపు పసుపు వెలుగులో చూస్తారు. అందులో కనిపించే వృత్తపు రెండు సగాలూ ఒకే వెలుగుకు వచ్చేదాకా పరికరం కంటివైపు భాగాన్ని మెల్లగా తిప్పాలి. ధ్రువిత కాంతి తలం సుమారు 13.3 డిగ్రీలు కుడికి తిరిగినట్టు తేలుతుంది. చక్కెర రెట్టింపు చేస్తే కోణమూ రెట్టింపే.

మిల్లుల్లో చెరకు రసంలోని చక్కెరను లెక్కగట్టేదీ ఈ సూత్రంతోనే. బోధన్‌లోనూ అలాంటి మిల్లు ఉండేది: 1937లో పుట్టిన శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. ఈ ప్రయోగం చేయించే ప్రతిసారీ ఆ ఫ్యాక్టరీ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.