కలిసి వాయించడం

చాంబర్ ఆర్కెస్ట్రా అనగానే చాలామందికి పెద్ద వేదిక, నల్ల కోట్లు, చేతిలో చిన్న కర్ర పట్టుకుని నిలబడిన ఒక పెద్దమనిషి గుర్తొస్తారు. నిజానికి అది చిన్న బృందం. చాంబర్ అంటే గది. ఒక గదిలో పట్టేంతమంది, అంటే సుమారు పదిహేను నుంచి నలభై మంది, ఎక్కువగా తీగవాద్యాల వాళ్లు, కలిసి వాయిస్తారు. చాలాసార్లు ముందు నిలబడి చేతులు ఊపే మనిషి కూడా ఉండరు. మొదటి వరుసలో కూర్చున్న వయొలిన్ కళాకారులే ఊపిరి పీల్చి, తల కొద్దిగా ఆడించి, కమాను కదిలిస్తారు. మిగతావాళ్లు ఆ ఊపిరిని చూసి అందుకుంటారు.

ఈ సంగతులన్నీ నేను వెతికి చదవడానికి ఒక కారణం ఉంది. మా స్కూల్లో ఉదయం ప్రార్థనకి వాయించే బృందంలో తొమ్మిదిమందిమి ఉన్నాం. హార్మోనియం, తబలా, ఢోలక్, కీబోర్డు, రెండు గిటార్లు, నా వయొలిన్, ఇద్దరు గాయకులు. మా ఇళ్లల్లో మాట్లాడే భాషలు ఐదు: గుజరాతీ, మరాఠీ, ఒడియా, భోజ్‌పురి, తెలుగు. పోయిన సంవత్సరం మా సంగీతం సార్‌కి బదిలీ అయింది. మాకు బదిలీలు కొత్త కాదు. నాన్న బదిలీ మీదే మేమూ విశాఖపట్నం నుంచి సూరత్ వచ్చాం. కానీ సార్ వెళ్లిన మర్నాడు పొద్దున పాట ఎవరు మొదలుపెట్టాలో తెలియక అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ వారమంతా స్పీకర్లో రికార్డు పెట్టారు. "రికార్డే బాగుంది, ఇక ఇలాగే కానిద్దాం" అన్న మాట కూడా నా చెవిన పడింది. బృందం ఉంటుందో పోతుందో మాకే తెలియదు.

మొదటి చిక్కు శ్రుతి దగ్గర వచ్చింది. నేను సెలవుల్లో విజయనగరంలో అమ్మమ్మ ఇంట్లో ఉండి నేర్చుకున్నది కర్ణాటక వయొలిన్. నేల మీద కూర్చుని, వాద్యం కొసను కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. నాలుగు తీగలనూ స-ప-స-ప అని కలుపుకుంటాం. శ్రుతి పాడేవాళ్ల గొంతును బట్టి మారుతుంది. పాశ్చాత్య పద్ధతిలో అవే నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ స్వరాలకు కట్టుబడి ఉంటాయి. వాళ్ల ఆర్కెస్ట్రాలో ఓబో అనే వాద్యం 'ఎ' స్వరం ఇస్తే అందరూ దానికి కలుపుకుంటారు. ఆ స్వరం సాధారణంగా సెకనుకు 440 కంపనాలు. మా దగ్గర ఓబో లేదు, హార్మోనియం ఉంది. దాని శ్రుతి మార్చలేం కాబట్టి మిగతా అందరం దానికి కలుపుకున్నాం. నా కమాను అందరికీ కనబడాలని నేల మీద కూర్చోవడం మానేసి నిలబడి వాయించడం సాధన చేశాను. నెల రోజులు మెడ నొప్పి పుట్టింది.

ముందుండి నడిపించినవాళ్ల గురించి చదివితే ధైర్యం వచ్చింది. ద్రాక్షారామంలో 1922లో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి గారు ఆకాశవాణి ఢిల్లీ కేంద్రంలో వాద్యబృందాన్ని నడిపించారు. 1952లో మొదలైన ఆ బృందంలో కర్ణాటక, హిందుస్తానీ వాద్యాలు పక్కపక్కనే కూర్చునేవి. ఇక సూరత్‌కి రైల్లో నాలుగు గంటల దూరంలో ఉన్న ముంబయిలో మెహ్లీ మెహతా అనే పార్శీ వయొలిన్ కళాకారుడు 1935లో బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించారు. ప్రపంచ ప్రసిద్ధుడైన జుబిన్ మెహతా ఆయన కొడుకే. నాకు ఎక్కువ నచ్చింది మెహ్లీ గారి తర్వాతి జీవితం. 1964లో లాస్ ఏంజెలెస్‌లో అమెరికన్ యూత్ సింఫనీ మొదలుపెట్టి, తొంభయ్యో ఏడు దగ్గరపడేదాకా, 33 ఏళ్లు, కుర్రవాళ్లతోనే గడిపారు. న్యూయార్క్‌లో 1972లో పుట్టిన ఆర్ఫియస్ చాంబర్ ఆర్కెస్ట్రాది మరో దారి. వాళ్లకి కండక్టర్ ఉండరు. ఒక్కో రచనకి ఒక్కొక్కరు ముందు కూర్చుంటారు.

అదంతా చదివిన మాట. కళ్లతో చూసింది మాత్రం లింబాయత్‌లో. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మా పక్కింటి అత్తయ్య నన్నూ అమ్మనూ బతుకమ్మ ఆటకి తీసుకెళ్లింది. వీధి చివర గర్బా లౌడ్‌స్పీకర్లు మోగుతున్నాయి. ఇక్కడ ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. ఒక పెద్దావిడ చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. ఆవిడకి మైకు లేదు. గొంతు కూడా పెద్దది కాదు. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగితే చప్పట్లు ఆగలేదు, వాళ్లే ఆవిడని మోశారు. అలిసిపోగానే పక్కనున్న కోడలు వైపు చూసింది, అంతే, తర్వాతి చరణం కోడలు ఎత్తుకుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సోమవారం మా వాళ్లకి ఇదే చెప్పాను. ప్రార్థనకి నేను మొదలుపెడతాను. దేశభక్తి గీతానికి తబలా అబ్బాయి. గుజరాతీ పాట ఉన్న రోజు హార్మోనియం అమ్మాయి. మొదలుపెట్టేవాళ్లు ఊపిరి పీల్చడం మిగతా ఎనిమిదిమందికీ కనబడాలి, అదొక్కటే నియమం. జాతీయగీతం 52 సెకన్లలో పూర్తవ్వాలి. మొదట్లో మాకు 58 పట్టేది, ఎందుకంటే ప్రతి వరుస చివరా ఒకరి కోసం ఒకరం ఆగేవాళ్లం. మూడు వారాల్లో 53కి వచ్చాం. ఆ తర్వాత ప్రార్థనలో రికార్డు పెట్టమని ఎవరూ అడగలేదు.

ముందు కూర్చోవడమంటే గట్టిగా వాయించడం అని నేను అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే నేను వాయించేదానికన్నా వినేదే ఎక్కువ. ఢోలక్ తొందరపడుతోందా, వెనక గిటార్ శ్రుతి దిగిందా, గాయని గొంతు ఇవాళ బాగాలేదా, ఇవన్నీ పాట నడుస్తుండగానే తెలియాలి.

వచ్చే మార్చికి మాలో ఐదుగురం పన్నెండో తరగతి పరీక్షలు రాసి వెళ్లిపోతాం. అందుకే ఇది రాస్తున్నాను. ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఇంట్లో వాద్యం ఏదున్నా సరే, భాష ఏదైనా సరే, బుధవారం ఆఖరి పీరియడ్‌కి సంగీతం గదికి రండి. వాయించడం రాకపోతే ముందు వినడం నేర్పుతాం. మేమూ అక్కడి నుంచే మొదలుపెట్టాం.

– 12వ తరగతి విద్యార్థిని