పూతలపట్టు నుంచి వండర్‌లా దాకా

మా పూతలపట్టు పేరు మీలో చాలామంది బస్సు కిటికీలోంచి చదివే ఉంటారు. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే దారి, పీలేరు మీదుగా కడప, కర్నూలు పోయే దారి ఇక్కడే చీలతాయి. కాణిపాకం వినాయకుడూ దగ్గరే. ఎటు చూసినా మామిడి తోటలు. ఆ తోటల్లో రోడ్డు పక్కన ఎకరంన్నర నాది. పెళ్ళిలో మా నాయన పసుపు కుంకుమల కింద నా పేరిట రాసిచ్చినది.

ఈ కథంతా ఆ ఎకరంన్నరతోనే మొదలైంది. 2025లో తోతాపురి కాయకు ధర లేక మా జిల్లా రైతులు పడిన పాట్లు పేపర్లలో చూసే ఉంటారు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12 రూపాయలు అని సర్కారు ప్రకటించాల్సి వచ్చింది. లోడ్లు రోడ్డు మీద బారులు తీరి, కాయ లారీలోనే మెత్తబడింది. అప్పుడు మా బావగారి పెద్దబ్బాయి ఇంటికొచ్చి, కాగితం మీద ఒక బొమ్మ గీసి చూపించినాడు.

"చిన్నమ్మా, ఇంక మామిడి నమ్ముకుంటే లాభం లేదు. కాణిపాకం వచ్చే జనం, తిరుపతి పోయే జనం అంతా మన తోట ముందరే పోతారు. చెట్లు కొట్టేసి నీళ్ళ పార్కు పెడదాం. రెండు జారుడు బల్లలు, ఒక అలల తొట్టి, పిల్లలకు ఉయ్యాలలు. నీ పాసుపుస్తకం మీద అరవై లక్షలు లోను వస్తుంది."

మా వారు అవునని అనలేదు, కాదనీ అనలేదు. మా అత్త మాత్రం "చెట్టు కొట్టేటప్పుడు నన్ను పిలవొద్దండిరా" అని లోపలికి పోయింది. నాకేమో మాట రాలేదు. పిల్లోడు చెడ్డవాడు కాదు. చదువుకుని, ఉద్యోగం దొరక్క, ఊర్లోనే బతకాలని చూస్తున్నాడు. కానీ సంతకం నాది. చివరికి "పార్కంటే ఎట్లుంటుందో ఒకసారి చూసొద్దాం, తర్వాత మాట్లాడదాం" అన్నాను. అట్లా 2025 దసరా సెలవుల్లో మేము ఐదుగురం బెంగుళూరు అవతల బిడదిలో ఉండే వండర్‌లాకు బయలుదేరినాం.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి చింతపండు చిత్రాన్నం కలిపి, చెనక్కాయల పొడి డబ్బాలో పెట్టుకున్నా. బంగారుపాళెం దాటి మొగిలి కనుమ ఎక్కేసరికి తెల్లారింది. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగుళూరు. అక్కణ్ణుంచి మైసూరు రోడ్డులో 28 కిలోమీటర్లు పోతే బిడది. ఈ ఊరు తట్టె ఇడ్లీకి పేరుపడింది. తట్టె అంటే కన్నడంలో పళ్ళెం. పళ్ళెమంత వెడల్పుగా, దూదిలా మెత్తగా ఉంటుంది. పిండి రుబ్బేటప్పుడు నానిన అటుకులో, సగ్గుబియ్యమో కలుపుతారు. ఇంట్లో చేయాలనుకుంటే అంచున్న చిన్న స్టీలు పళ్ళేలకు నూనె రాసి, సగానికి పిండి పోసి ఆవిరి పట్టండి. ఒక్కటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు.

పార్కులోకి బయటి తిండి తీసుకుపోకూడదు కాబట్టి చిత్రాన్నం బండి దగ్గరే ముగించినాం. టికెట్లకు మా ఐదుగురికీ ఏడు వేలు దాటింది. నాకు వెంటనే మామిడి లెక్క మనసులో తిరిగింది. 12 రూపాయల చొప్పున దాదాపు ఆరు వందల కిలోల కాయ!

లోపల నీళ్ళ ఆటలకు చీరతో పోనీరు. నూలు బట్టలు కూడా కుదరవు. నైలాన్ గుడ్డలు వేసుకోవాలి. నలభై దాటినాక పాంటు తొడుక్కుని పదిమందిలో నడవాలంటే సిగ్గుతో చచ్చిపోయినాను. కానీ చుట్టూ చూస్తే నా వయసు వాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు అందరూ అదే వేషం. అలల కొలనులో మొదటి అల వచ్చి నడుముకు తగిలినప్పుడు గట్టిగా అరిచినాను. మా అమ్మాయి నవ్వి నవ్వి నీళ్ళలో కూర్చుండిపోయింది. వెచ్చని నీళ్ళు వానలా కురిసే గదిలో, పాటల మధ్య అందరూ ఎగురుతుంటే నేను కూడా ఎగిరినాను. ఇంటి దగ్గర ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నా.

మా వాడు మాత్రం ఆడలేదు. చిన్న పుస్తకంలో రాసుకుంటూ తిరిగినాడు. సాయంత్రం చెట్టు కింద కూర్చున్నప్పుడు ఈ కంపెనీ సంగతంతా చెప్పినాడు. తర్వాత ఇంటికొచ్చి నేనూ విచారించి తెలుసుకున్నా. అది మీక్కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

మన ఇళ్ళలో ఫ్రిజ్జు పక్కన టక్కు టక్కుమనే వి-గార్డ్ స్టెబిలైజరు ఉంది చూశారా? దాని యజమానే ఈ పార్కులు పెట్టింది. కేరళకు చెందిన కొచౌసేఫ్ చిట్టిలపల్లి గారు 1977లో తండ్రి దగ్గర లక్ష రూపాయలు అప్పు తీసుకుని, ఇద్దరు పనివాళ్ళతో కొచ్చిలో స్టెబిలైజర్లు చేయడం మొదలుపెట్టారు. 1995లో ఆయన భార్య షీలా గారు వి-స్టార్ పేరుతో ఆడవాళ్ళ దుస్తుల వ్యాపారం పెట్టి సొంతంగా పైకొచ్చారు. ఇరవై మూడేళ్ళు స్టెబిలైజర్లు అమ్మినాక, 2000లో ఆయన కొచ్చిలో వీగాలాండ్ అనే పార్కు తెరిచారు. 2005లో బిడదిలో వండర్‌లా. తర్వాత రెండు పార్కులూ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి, వీగాలాండ్ పేరు కూడా వండర్‌లాగా మారింది. 2011లో ఈయనే ముక్కూ మొహం తెలియని ఒక లారీ డ్రైవరుకు తన కిడ్నీ దానం చేశారు.

యాజమాన్యం మారడం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. 2014లో కంపెనీ షేర్లను జనానికి అమ్మింది. ఒక్కో షేరు 125 రూపాయలు, మొత్తం 181 కోట్లు వచ్చాయి. అంటే నాలుగో వంతు ఆస్తి బయటివాళ్ళ పేరిట పోయింది. ఆ డబ్బు హైదరాబాదు పార్కుకు అక్కరకొచ్చింది. అవుటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాల దగ్గర 2016 ఏప్రిల్‌లో తెరిచారు. 2024లో భువనేశ్వర్‌లో ఇంకొకటి. ఆ ఏడాది చివర మరో విడత షేర్లు అమ్మి 540 కోట్లు తెచ్చుకున్నారు. దాంతో ఇంటివాళ్ళ వాటా ఇంచుమించు 70 వంతుల నుంచి 62 వంతులకు తగ్గింది. 2025 డిసెంబరులో చెన్నై దగ్గర తిరుప్పోరూరు వైపు ఐదో పార్కు తెరిచారు. ఖర్చు 611 కోట్లట. తండ్రి నాటిన చెట్లను కొడుకులు పంచుకున్నారు. స్టెబిలైజర్ల కంపెనీని మిథున్, పార్కులను అరుణ్ చూసుకుంటున్నారు.

ఇంత పెరిగినా, కరోనా వచ్చి 2020 మార్చిలో గేట్లు మూసినప్పుడు వీళ్ళు కూడా నష్టం చూశారు. గేటు మూసినా జీతాలు, యంత్రాల బాగోగులు ఆగవు కదా. పెద్దగా అప్పు లేదు కాబట్టి తట్టుకున్నారు. 2023-24 నాటికి అన్ని పార్కులకూ కలిపి ఏడాదికి 30 లక్షల మందికి పైగా వచ్చారు.

అప్పు ఉన్నవాళ్ళ గతి ఏమైందో కూడా మావాడే చెప్పినాడు. ముంబై, పూణే మధ్య ఖోపోలీ దగ్గర 2013లో ఇమాజికా అనే పెద్ద పార్కు తెరిచారు. పెట్టినవారు సినిమా వ్యాపారంలో పేరున్న మన్మోహన్ శెట్టి గారు. పార్కు చాలా గొప్పగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. కానీ అప్పు వెయ్యి కోట్లు దాటిపోయింది. 2015లో షేర్లు అమ్మినా తీరలేదు. చివరికి 2022లో సంగమనేరుకు చెందిన మాల్పానీ గ్రూపు చేతికి పోయింది. షిరిడీ పోయినవాళ్ళు సాయి తీర్థ్ అనే భక్తి పార్కు చూసి ఉంటారు, అది కూడా మాల్పానీ వాళ్ళు పెట్టిందే. గేటు అదే, ఆటలు అవే, యజమాని మాత్రం వేరే.

ఇది వింటూ ఉంటే నాకు మా చిన్నప్పటి సంగతులు జ్ఞాపకం వచ్చినాయి. మద్రాసు పోతే వి.జి.పి. గోల్డెన్ బీచ్‌లో కదలకుండా నిలబడే విగ్రహం మనిషిని నవ్వించాలని చూసేవాళ్ళం. ఆ వి.జి.పి. వాళ్ళు ముందు ఇంటి సామాన్లు వాయిదాల మీద అమ్మి పైకొచ్చినవాళ్ళు. 1995లో తాంబరం అవతల కిష్కింత అనే నీళ్ళ పార్కు వచ్చింది. అది పెట్టిన నవోదయ అప్పచ్చన్ గారు, మనకు 'చిన్నారి చేతన'గా వచ్చిన 3డి సినిమా తీసిన నిర్మాత. మన రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో వచ్చేనాటికే రామోజీరావు గారికి పేపరుంది, చిట్‌ఫండ్ ఉంది, మనందరి వంటింట్లో ప్రియ పచ్చళ్ళున్నాయి.

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. వీళ్ళలో ఒక్కరు కూడా పార్కుతో బతుకు మొదలుపెట్టలేదు. ఒకరికి స్టెబిలైజరు, ఒకరికి సినిమా, ఒకరికి వాయిదాల అంగడి, ఒకరికి పచ్చళ్ళు. పార్కులో వానాకాలం జనం రాకపోయినా, ఇంకో చేత్తో డబ్బు వస్తా ఉండింది. మాకుండేది ఒక్క మామిడి తోట. దాన్నే కొట్టి పార్కు పెడితే రెండో చెయ్యి ఏది?

బట్టలు మార్చుకునే చోట పని చేసే అమ్మాయిని మాటల్లో పెట్టినాను. ముళబాగిలు పక్క అమ్మాయట, తెలుగు బాగా మాట్లాడింది. "శని, ఆదివారాలు, ఎండాకాలం సెలవులు, దసరా, క్రిస్మస్ అప్పుడు కాలు పెట్టను సందు ఉండదక్కా. పరీక్షల కాలంలో, వానలప్పుడు మేమే ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం" అంది.

తిరుగు ప్రయాణంలో బండిలో వెనక కూర్చుని లెక్క వేసినాను. మావాడి లెక్క రోజుకు రెండు వందల మంది, తలకు రెండు వందల రూపాయలు. వినడానికి బాగుంది. కానీ ఏడాదిలో నిండే రోజులు వందే అనుకుంటే, మిగిలిన 265 రోజులు మోటార్లు తిరగాలి, నీళ్ళు శుభ్రం చేయాలి, కాపలా ఉండాలి. అరవై లక్షలకు రూపాయి వడ్డీ వేసినా నెలకు అరవై వేలు. వానొచ్చినా, జనం రాకపోయినా ఆ అరవై వేలు ఒకటో తేదీన నిలబడి అడుగుతుంది. ఎండాకాలంలో మా బోరు గంట పోసి గంట ఆగుతుంది. అలల తొట్టికి నీళ్ళు ఎక్కణ్ణుంచి తేవాలి? ఏదైనా ఉయ్యాల తెగి ఒక బిడ్డకు దెబ్బ తగిలితే ఆ తల్లికి ఏం చెప్పాలి? వండర్‌లా వాళ్ళకు సొంతంగా ఆట యంత్రాలు చేసుకునే ఇంజనీర్లే ఉన్నారు. మాకు ఊర్లో వెల్డింగు షాపు ఉంది.

పలమనేరులో టీ తాగేటప్పుడు మెల్లగా ఇవన్నీ చెప్పినాను. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నన్ను నమ్మవా చిన్నమ్మా?" అన్నాడు. గుండె కలుక్కుమంది. "నిన్ను నమ్ముతా నాయనా. లోనునే నమ్మను" అన్నాను. మా వారు గ్లాసు కింద పెట్టి, "మీ చిన్నమ్మ చెప్పింది సరే. సంతకం ఆమెది, ఆమె ఇష్టం" అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

పిల్లవాడు నెల రోజులు మా గడప తొక్కలేదు. మా అత్త రోజూ వాకిలి వైపు చూసేది. నేనే ఒకరోజు ఓళిగలు చేసి డబ్బాలో పెట్టుకుని బావగారింటికి పోయినాను. ముందు మాట్లాడలేదు. రెండో ఓళిగ తినేటప్పుడు, "సరే చిన్నమ్మా, రోడ్డు వైపు పది సెంట్లు ఇస్తావా? చెట్టు కొట్టను, లోను తీయను" అన్నాడు. చెట్ల నీడలోనే నాలుగు బల్లలు వేసి, కొమ్మలకు పిల్లల ఉయ్యాలలు కట్టి, కాణిపాకం పోయి వచ్చే జనానికి టిఫిను పెడతాడట. కాయల కాలంలో మామిడి రసం కూడా. పార్కు పెట్టాలన్న కోరిక పోలేదు. దాన్ని మొదలుపెట్టే తావు మారింది, అంతే.

బిడదిలో చూసిన పళ్ళేల లాంటివి చిత్తూరు బజారులో రెండు డజన్లు కొన్నాం. పిండి కొలత ఇంకా కుదరలేదు, మొదటి రెండు వాయిలూ గట్టిగా వచ్చినాయి. సగ్గుబియ్యం తగ్గించి చూడమని మా అత్త చెప్తా ఉంది. పాసుపుస్తకం మాత్రం నా బీరువాలో, పెళ్ళిపట్టు చీర మడతలో ఉంది. కాణిపాకం దర్శనానికి వచ్చినప్పుడు మా తోట దగ్గర ఒక నిముషం ఆగండి. పిల్లలు ఉయ్యాల ఊగుతారు, మనం కూర్చుని మాట్లాడుకుందాం.