మహానంది తిరునాళ్లలో ఎడ్ల పందెము

మాఘ బహుళ చతుర్దశి సమీపించుచున్నది. నంద్యాల ప్రాంతపు పల్లెలలో గోడలమీద రంగుల కాగితములు వెలసినవి. "వృషభరాజములకు బండలాగుడు పోటీలు" అని పైన పెద్ద యక్షరములు, రెండు ప్రక్కల తెల్లని గిత్తల పటములు, క్రింద బహుమతుల పట్టిక. బడిపిల్లలు సైతము పరీక్షల మాట మరచి, ఏ యూరి జత వచ్చుచున్నది, నిరుడు ఏ జత ఎన్ని యడుగులు లాగినది యని లెక్కలు వేసికొనుచున్నారు. అమెరికా దేశమున కళాశాలల ఫుట్‌బాల్ పందెమునకు ముందు పట్టణములకు పట్టణములే యిట్లు నిదుర మానునని విందుము. మా సీమలో ఆ వెఱ్ఱి యెడ్లమీద నున్నది. అది మాకును కలదని ముందే చెప్పుకొనుట మంచిది. ఏలయన ఈ విషయమున మేము నిష్పక్షపాతముగ వ్రాయజాలము. మహానందిలో దిగనున్న జతలలో నొకటి మా చిన్నమ్మగారి యింటిది.

మహానందిని చూడని సోదరీమణులకు స్థలమును గూర్చి కొంత చెప్పవలెను. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లానుండి విడివడిన నంద్యాల జిల్లాలో, నంద్యాల పట్టణమునకు ఇరువది కిలోమీటరులలోపు దూరమున, నల్లమల కొండల పాదమున నీ క్షేత్రమున్నది. రైలులో వచ్చువారికి గాజులపల్లె స్టేషను దగ్గర. బస్సెక్కిన కొంతసేపు నల్లరేగడి చేలు కనులకు ఆనును. దారి కొండవైపు తిరిగినకొలది గాలి చల్లబడి, అరటితోటలు మొదలగును. రాయలసీమ యనగా ఎండిన చెఱువులును, రాని వానలును తప్ప మఱేమియు లేదని తలచువారు ఇచ్చట నొక్క గడియ నిలువవలెను. స్వామి పాదముల చెంత పుట్టిన ఊట కోనేటిలోనికి వచ్చి, అచ్చటనుండి వెలుపలి గుండములకును, ఆ పిమ్మట కాలువలై తోటలకును పారుచున్నది. కోనేటి లోతు సుమారు అయిదడుగులు. అడుగున పడిన సూది సైతము కానవచ్చునని పెద్దలందురు. సూది మాట యెట్లున్నను, అడుగున నున్న రూపాయిబిళ్ల బొమ్మయో బొరుసో గట్టుమీదనుండియే మేము చెప్పగలిగితిమి.

నవనందులలో మహానంది ప్రధానమైనది. ఇచ్చటి స్థలకథ మీలో పెక్కుమంది వినియుందురు. నందరాజు మందలోని యొక యావు దినదినము పుట్టమీద పాలు విడుచుచుండగా, కాపరి వెంబడించి చూచెననియు, ఆవు బెదరి పుట్టమీద కాలుమోపగా ఆ గిట్ట జాడ లింగముమీద నిలిచిపోయెననియు చెప్పుదురు. దేవుని తలమీద ఆవు గిట్ట గుర్తుండగా, దేవునికి ఎద్దు పేరుండగా, ఆ దేవుని తిరునాళ్లలో ఎడ్ల పందెము కాక మఱేమి శోభించును?

ఇక పందెము సంగతి. చూడనివారు దీనిని పరుగుపందెమని భ్రమింతురు, కాదు. క్వింటాళ్ల బరువుగల రాతిబండను గొలుసుతో కాడికి తగిలింతురు. బాట కొలిచి సున్నపు గీతలు వేయుదురు. జత ఆ బండను బాట చివరివరకు లాగి, తిరిగి, మరల వెనుకకు లాగుచుండవలెను. నిర్ణయించిన నిమిషములలో మొత్తమెన్ని యడుగులు లాగినదో లెక్క. ఎక్కువ దూరము లాగినదే గెలుపు. ఎద్దుల వయస్సును పండ్లనుబట్టి నిర్ణయింతురు. పాలపండ్ల కోడెలకు తేలికబండ. రెండుపండ్లు, నాలుగుపండ్లు, ఆరుపండ్లు వచ్చినకొలది బండ బరువెక్కును. నోరు నిండిన పెద్దయెడ్లది చివరి దినపు పందెము. ఈ తరగతులను మావారు "సైజులు" అందురు. "మాది నాలుగుపండ్ల సైజు" అని యొకడు తిరునాళ్లలో గర్వముగ చెప్పిన తన నోటిలో నాలుగే పండ్లున్నవని యనుకొనకుడు.

మా దృష్టిలో పందెము గెలుచునదియు ఓడునదియు మలుపునందే. తిన్నని బాటమీద బలమున్న జతలన్నియు లాగును. గీత చేరగానే లోపలి యెద్దు నిలిచి త్రొక్కవలెను, వెలుపలి యెద్దు చుట్టు తిరుగవలెను. అప్పుడు బండ అడ్డముగ జారి మట్టిని దున్నును. ఈ త్రిప్పుటలో రెండు మూడు ఊపిరులు దండుగయైన జత ఎంత బలిసినదైనను తేరుకొనజాలదు. వరుస చీటీలమీద నేర్పడును గనుక అదృష్టమునకును చోటున్నది. ప్రొద్దున చీటీ వచ్చినవాడు నవ్వును. మిట్టమధ్యాహ్నపు చీటీ వచ్చినవాడు కుండల నీళ్లు వెదకుకొనును.

ఈ గిత్తలు ఒంగోలు జాతివి. మహానందినుండి నల్లమల దాటినచో గిద్దలూరు, కంభము, ఆ వెనుక ఒంగోలు సీమ. ఒంగోలు జాతి పెరిగిన నేలకు నీరిచ్చు గుండ్లకమ్మ యీ నల్లమలలోనే పుట్టినది. ఆ జాతి పశువులు గడచిన శతాబ్దమునకు ముందే ఓడలెక్కి బ్రెజిలు దేశము చేరి, నెల్లూరు పేరున "నెలోర్" అను జాతియై, అచ్చట కోట్లకొలదిగ పెరిగినవి. 1960 ప్రాంతమున ఒంగోలు దగ్గరి కరవది గ్రామమునుండి పోయిన యొక గిత్తను అచ్చటివారు ఊరిపేరనే పిలుచుకొనిరి. 2023లో ఆ సంతతిలోని వియాతినా-19 అను నొక ఆవునకు 40 లక్షల డాలర్లకు మించిన వెల కట్టిరి. ఇక్కడనో, ట్రాక్టరు వచ్చిన పిదప దున్నుటకు ఎద్దుతో పనిలేదు, బండికిని పనిలేదు. పని తప్పిన జాతి పందెమువలననే నిలిచియున్నదని మా చిన్నాయన వాదము. మేము పూర్తిగ అంగీకరింపము. కాని ఆయన గ్రామమున నిప్పుడు ఎడ్లజతలున్న యిండ్లను వ్రేళ్లమీద లెక్కించవచ్చును, వానిలో పెక్కు పందెపు జతలే.

ఆ జత పెరుగు తీరును మేము దగ్గర నుండి చూచితిమి. తెల్లవారుజామున ఉలవలు ఉడుకబెట్టునది చిన్నమ్మ. పత్తిగింజలు నానబోసి రుబ్బునది చిన్నమ్మ. జొన్నచొప్ప తెంపి వేయునది, కడుగునది, ఈగలు ముసరకుండ సాయంకాలము పొగ వేయునది, గిట్ట పగిలిన పసుపు నూనె పెట్టునది చిన్నమ్మయే. దాపటి యెద్దు నెమ్మది గలది, వెలపటిది దుడుకు. దుడుకుది ఆమె చీరకొంగు వాసన తగులనిదే ఉలవలు ముట్టదు. ఆమె పుట్టింటికి పోయిన రెండు దినములు అది పస్తున్నదని చిన్నాయనయే మాతో చెప్పెను. అయినను పందెమునాడు మైకులో వినవచ్చునది చిన్నాయన పేరు, ఊరి పేరు. పటము తీయించుకొనునది ఆయన. ఇన్నేండ్లలో చిన్నమ్మ ఒక్క పందెమైనను చూడలేదు. ఎద్దులు ఇల్లు కదలిన పిమ్మట ఆమె కొట్టము ఊడ్చి గడపలో కూర్చుండును.

ఈ యేడు సంగతి వేరు. జత మేతకగు ఖర్చు ఇంటి కొంపముంచుచున్నదనియు, ఈ శివరాత్రికి మొదటి మూడు స్థానములలో రానిచో అమ్మివేయుదుననియు చిన్నాయన నిశ్చయించెను. కోస్తావైపునుండి బేరగాడొకడు వచ్చి, చూచి, పండ్లు లెక్కించి, వెల చెప్పి పోయెను. చిన్నమ్మ అమ్మవలదనలేదు, ఒక్క నిబంధన మాత్రము పెట్టెను. పందెములో చర్నాకోల యెద్దు వీపున తగులరాదు. "దెబ్బకు నాలుగడుగులు లాగుతాది, మాటకు నాలుగేండ్లు లాగుతాది. కొట్టి గెల్చేటట్టయితే ఇప్పుడే అమ్మేయి" అని ఆమె అన్నదట. చిన్నాయన గొణిగెను గాని కాదనలేదు.

ఈ చర్నాకోల మాట చిన్నమ్మ యొక్కతెదే కాదు. జంతుహింసను నివారించు చట్టము మన దేశమున 1960నుండి యున్నది. 2014 మే 7న సుప్రీం కోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందెములను నిషేధించెను. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ప్రభుత్వములు తమ చట్టములను సవరించుకొనగా, 2023 మే 18న ఆ సవరణలను అదే కోర్టు నిలిపెను. కోర్టు తీర్పులటుండనిండు; వీపున వాతలు తేలిన యెద్దు గెలిచినపుడు ఈలలు వేయుట మాకు ఎన్నడును చేతకాలేదు. మాటకే లాగు జతను చూచిన కన్నులకు రెండవది రుచింపదు.

ఇంతకు మా జత గెలుచునా? అడిగినవారందఱకు మేము చెప్పుచున్నదిదే. బలమున మా జతకన్న మిన్నయైనవి రెండున్నవని విందుము. తిన్నని బాటమీద అవి ముందుండును. కాని మా దాపటి యెద్దు మలుపులో స్తంభమువలె నిలుచును, దుడుకుది దానిచుట్టు తిరుగును. ఈ నెల దినములుగ చిన్నాయన వేకువను వంకలోని యిసుకలో బండ కట్టి, మలుపులు మాత్రమే సాధన చేయించుచున్నాడు. ప్రొద్దుటి చీటీ వచ్చినచో రెండవ స్థానము మాదే. మధ్యాహ్నపు చీటీ వచ్చినచో దుడుకుదానికి వగర్పు పుట్టును. అప్పుడు మూడవ స్థానముకొఱకు ఎవనితోనో అడుగులలో పెనుగులాడవలసివచ్చును. కొట్టుదురా, కొట్టరా యనునది ఆ చివరి రెండు నిమిషములలో తేలును.

ఈమారు చిన్నమ్మను వెంట తీసికొనిపోవ నిశ్చయించితిమి. మొదట ఆమె "ఆడోళ్లకు ఆడేం పనమ్మా" అని నవ్వినది. అభిషేకమునకు పోవుదము, రాత్రి లింగోద్భవకాలము వరకు ఉపవాసముందుము, మరునాడు ప్రొద్దున ఒక్క గడియ అటు పోయి వత్తుము అని చెప్పగా, కొంతసేపు ఊరకుండి, దుడుకుది తన్ను జనములో చూచిన బండ విడిచి తనవైపు వచ్చునేమో యని సందేహించినది. ఈ సందేహమునకు మాయొద్ద సమాధానము లేకపోయెను. చిన్నాయన నడుగగా ఆయనయు ఆలోచనలో పడెను.

తుదకు కుదిరిన యేర్పాటిది. ఆమె బాటకు తిరుగు చివర, గీత కావల, జనములో ముందువరుసను నిలుచును. వచ్చునపుడు ఎద్దుకు ఆమె ఎదుట నుండును, పోవునపుడు వెనుక. మలుపు దగ్గరకు త్వరగా వచ్చుట ఖాయమని చిన్నాయన సంతోషించుచున్నాడు. మరలిపోవునా యనునదే ప్రశ్న. రేపటినుండి వంకయిసుకలో సాధనవేళ చిన్నమ్మయు ఆ చివర నిలువవలెను. ఉలవలు ఉడుకబెట్టు పని అన్నాళ్లు మాది.