కాలికి కడియం

కడియమంటే మనకు వెండో, బంగారమో గుర్తుకు వస్తుంది. ఇప్పుడు ఇంకొక రకం కడియం వచ్చింది. దాన్ని శిక్ష పడ్డవాడి కాలికి తొడుగుతారు. వాడు ఎక్కడ వున్నదీ అది ఎప్పటికప్పుడు అధికారులకు చెబుతూ వుంటుంది.

దాని పుట్టుక తమాషా అయినదే. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రపు జడ్జి జాక్ లవ్ గారు 'స్పైడర్‌మాన్' బొమ్మల కథలో ఇలాటి పరికరాన్ని చూచి ముచ్చటపడ్డారట! 1983లో దాన్ని నిజంగా తొడిగించారు. మన దేశంలో 2023 నవంబరులో జమ్మూ కాశ్మీరు పోలీసులు, బెయిలు పొందిన ఒక ముద్దాయికి కోర్టు ఆజ్ఞ మీద తొడిగారు. ఆ యేడే కేంద్రం తయారుచేసిన నమూనా జైళ్ళ చట్టంలో, కడియానికి ఒప్పుకొన్న ఖైదీని సెలవు మీద పంపవచ్చునని వ్రాశారు.

"మంచి పనే! ఇక వాడెక్కడికి పోతాడు?" అన్నారు మా గంగవరంలో పెద్దలు. నాకు మాత్రం స్టూవర్టుపురం గుర్తుకు వచ్చింది.

పరికరం కొత్తదేగాని ఆలోచన పాతది. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం చేసి, 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. నేరం చేసినవాణ్ణి కాదు, ఫలానా కులంలో పుట్టినవాణ్ణే నేరస్థుడన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకలవారిని సాల్వేషన్ ఆర్మీవారి అజమాయిషీలో కాపురం పెట్టించారు. వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. హాజరుపట్టీ పోయిందిగాని చెడ్డపేరు పోలేదు. హేమలతా లవణం దంపతులు అక్కడికి పోయి ఆ కుటుంబాల బాగుకోసం ఏళ్ళ తరబడి పాటుపడవలసి వచ్చింది.

అయితే కడియం దండగేనా? అలా అనలేను. అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ ప్రాంతంలో జరిగిన పరిశీలన ఒకటి 2013లో అచ్చయింది. జైలుకు బదులు కడియంతో ఇంట్లో వున్నవారు, జైలులో వుండి వచ్చినవారికంటె చాలా తక్కువగా మళ్ళీ పట్టుబడ్డారట. అది కడియం మహిమ అనుకోను. జైలు సావాసాలు తప్పినవి; ఆలుబిడ్డల ముఖం చూస్తూ వున్నారు. అందుచేత జైలుకు బదులైతే కడియం మేలు. శిక్ష తీరినవాడికి కూడా తగిలిస్తే అది పాత హాజరుపట్టీయే. 2024 జులైలో మన సుప్రీంకోర్టు కూడా, బెయిలు పొందినవాడి ప్రతి కదలికనూ పోలీసులు ఎల్లవేళలా కనిపెట్టి వుండేలా షరతు పెట్టరాదని తీర్పు చెప్పింది.

మా వీధి చివర ఒక కుర్రవాడు శిక్ష ముగించుకొని వచ్చాడు. టమాటా పెట్టెలెత్తే పనికి పోతే, "ఇప్పుడు మనుషులు చాలప్పా, మళ్ళీ చూద్దాం" అన్నాడు మేస్త్రీ. వాడి తల్లి మా గుమ్మంలో నిలబడి, "మీరొక మాట చెప్పండయ్యా" అన్నది. చెప్పాను. నెల చూస్తానన్నాడు మేస్త్రీ. ఆ నెల ఇంకా ముగియలేదు. పొద్దున్నే తువ్వాలు తలకు చుట్టుకొని వాడు పోతూనే వున్నాడు.