లంబసింగిలో ఎన్ని రాత్రులు?

మార్గశిరం ప్రవేశించగానే నర్సీపట్నంలో ఉండే నన్ను దూరపు మిత్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: “మాష్టారూ, లంబసింగిలో ఎన్నాళ్ళుండాలి?”

చాలామంది అర్ధరాత్రి విశాఖలో బయలుదేరి, తెల్లవారుజామున మంచులో ఫోటోలు తీసుకొని, ఎండ ముదరకముందే కొండ దిగిపోతారు. సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ గిరిజన గ్రామానికి ‘కొర్రబయలు’ అని మరో పేరు. ఆరుబయట ఉన్నవాడు కొయ్యబారిపోతాడని దానికి అర్థం చెబుతారు. అయితే మంచు మన సెలవులను చూసుకొని రాదు. ఒకనాడు దట్టంగా కమ్ముతుంది, మరునాడు ముఖం చాటేస్తుంది.

ఒక్క రాత్రి నిలిచేవాడు అతిథి అని మనుస్మృతి. నేను మాత్రం రెండు రాత్రులంటాను. ఉదయాలు మంచు కోసం. నడుమనున్న పగలు తాజంగి జలాశయానికీ, చింతపల్లికీ. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించిన పోలీసు ఠాణా ఆ చింతపల్లిదే. ఆ మన్యవీరులు నడిచిన కొండలు మంచు విడిన తరువాతనే కంటబడతాయి. తెల్లవారగానే తిరిగివచ్చేవారికి దక్కేది చలి ఒక్కటే.

మూడవ రాత్రి అంటారా? తీరికా, చలికి ఓర్చే మోకాళ్ళూ ఉన్నవారు నిరభ్యంతరంగా ఉండవచ్చు.