దీపస్తంభము వెనుక చేతులు

పాత ఇంగ్లీషు కట్‌గ్లాసు దీపస్తంభాన్ని చూచినప్పుడు మేము మొదట దాని మెరుపునే చూచాము. తరువాత దాని చరిత్ర చదివాము.

1674లో లండనులో జార్జి రేవెన్స్‌క్రాఫ్ట్ కొత్తరకం గాజుకు పేటెంటు పొందాడు. మొదట్లో అది సన్నని బీటలతో మసకబారేది. సీసపు ఆక్సైడు కలిపాక నిలిచింది. అటువంటి గాజును పనివారు తిరిగే చక్రానికి ఆనించి, తడి ఇసుకతో పలకలు పలకలుగా కోసేవారు. ఒక్క కొవ్వొత్తి వెలుగు ఆ కోతలలో ఎన్నో వెలుగులయ్యేది.

అయితే 19వ శతాబ్దంలో మెరుగుపెట్టే పొడిలోనూ సీసముండేది. ఆ విషం ఒంటికెక్కి కొందరి మణికట్లు చచ్చుబడ్డాయి. వారి పేర్లు మాకు తెలియవు, ప్రభువుకు తెలుసు.

ఇప్పుడు కుటుంబ ప్రార్థనలో కొవ్వొత్తి వెలిగించినప్పుడు ఆ చేతులను తలంచుకుంటున్నాము. ప్రియ పాఠకులారా, మీ ఇంటి వెలుగు కోసం ఎవరి చేతులు నొచ్చుకుంటున్నాయో ఈ రాత్రి అడిగి చూడండి.